శోధన యంత్రంలో తెలుగు పాఠం: తెనాలి, బాపట్ల, రేపల్లె పేర్ల ఆధారంగా ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:

అంతర్జాలంలో ఒక పుట శోధన యంత్రాల వరుసలో పైకి రావడాన్ని సాధారణంగా వ్యాపార ప్రచారానికి చెందిన విద్యగా పరిగణిస్తున్నారు. తెలుగు పాఠం విషయంలో అది ప్రధానంగా లిపి, వర్ణక్రమం, పేర్ల నిర్ణయం, సూచీకరణలకు సంబంధించిన సమస్య అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. గ్రంథాలయ సూచిక నుంచి శోధన యంత్రం వరకు జరిగిన పరిణామాన్ని సంగ్రహంగా వివరించి, తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల పేర్లను ఉదాహరణలుగా గ్రహించి, తెలుగు సమాచారం దొరకడంలోని ఇబ్బందులను వర్గీకరిస్తుంది. పాఠ పరిష్కరణలో తెలుగు పండితులు ఏనాడో సాధించిన నైపుణ్యమే ఈ సమస్యకు తగిన సాధనమని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: శోధన యంత్రం, వరుసస్థానం, యూనికోడ్, స్థలనామాలు, వర్ణక్రమ భేదాలు, గ్రంథాలయ సూచిక, తెనాలి, బాపట్ల, రేపల్లె, చుండూరు.

1. ప్రవేశిక

పరిశోధకుడు ఆకరాల కోసం మొదట వెళ్ళే చోటు నేడు గ్రంథాలయంలోని కార్డుల బీరువా కాదు, శోధన యంత్రంలోని ఖాళీ గడి. అందులో ఒక మాట రాసి మీట నొక్కగానే వచ్చే జాబితాలో మొదటి పుటలో కనిపించినవే చాలామందికి ఆ విషయంపై ఉన్న ఆకరాలు. అక్కడ కనిపించని వ్యాసం ఎంత ప్రామాణికమైనదైనా రానున్న తరం పరిశోధకుల దృష్టిలో లేనిదానితో సమానమవుతున్నది. ఒక సిద్ధాంతగ్రంథంలోని పూర్వపరిశోధనల సమీక్షలో ఏవి చేరతాయి, ఏవి చేరవు అన్నది కూడా కొంతవరకు ఈ జాబితాయే నిర్ణయిస్తున్నది.

జాబితాలో పై స్థానం సంపాదించే ప్రయత్నాలను ఆంగ్లంలో సెర్చ్ ఇంజన్ ఆప్టిమైజేషన్ అని, పొడి అక్షరాల్లో ఎస్ఈఓ అని వ్యవహరిస్తారు. దీని గురించి తెలుగులో ఉన్న రచనలు ఎక్కువగా దుకాణాలకూ వార్తా సంస్థలకూ ఉపయోగపడేవి. సాహిత్య, చరిత్ర పరిశోధనల పక్షాన ఈ విషయాన్ని పరిశీలించవలసిన అవసరం ఉంది. అందుకు ఒక నిర్దిష్ట ప్రాంతాన్ని గ్రహించడం మేలు. కృష్ణా డెల్టా పడమటి భాగంలో ఒకదానికొకటి చేరువగా ఉన్న తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాల పేర్లు ఈ సమస్యలోని మూడు వేర్వేరు పార్శ్వాలను చూపుతాయి.

2. సూచిక నుంచి శోధన వరకు

సమాచారాన్ని వెతికి పట్టుకోవడం అనే సమస్య ఈ ప్రాంతానికి కొత్తది కాదు. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతుల కృషితో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం ఏర్పడింది. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలసింది. దాని భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. తెనాలి తాలూకాకు చెందిన అబ్బూరి రామకృష్ణారావు ఆంధ్ర విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా పనిచేశారు. పుస్తకాలను సేకరించడంతో పాటు, అడిగినవారికి అడిగిన పుస్తకాన్ని చూపగలగడం గ్రంథాలయోద్యమ లక్ష్యాలలో ఒకటి. ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రాలలో పాఠకుని కాలాన్ని ఆదా చేయాలన్నది కూడా చేరింది.

ఈ పనికి ప్రధాన సాధనం సూచిక. సూచికర్త ప్రతి రచయితకూ ఒక ప్రామాణిక నామరూపాన్ని నిర్ణయిస్తాడు. మిగిలిన రూపాలకు 'చూడు' అనే నిర్దేశక కార్డులు రాస్తాడు. చలం అని వెతికినవారిని గుడిపాటి వెంకటచలం దగ్గరికి, కొ.కు. అని వెతికినవారిని కొడవటిగంటి కుటుంబరావు దగ్గరికి, చక్రపాణి అని వెతికినవారిని ఆలూరి వెంకట సుబ్బారావు దగ్గరికి ఆ కార్డులు నడిపిస్తాయి. తెనాలితో అనుబంధం ఉన్న ఈ ముగ్గురూ రెండేసి పేర్లతో ప్రసిద్ధులు కావడం గమనార్హం. పేరుకూ వ్యక్తికీ మధ్య ఉండే ఈ అంతరాన్ని పూడ్చడానికి గ్రంథాలయంలో ఒక మనిషి ఉండేవాడు.

శోధన యంత్రంలో ఆ మనిషి లేడు. ఇది ప్రాథమికమైన మార్పు. పాఠమే తన కార్డును తాను మోసుకొని తిరగాలి. ఏ పేరుతో వెతికితే తాను దొరకాలో ఆ పేరు పాఠంలోనే ఉండాలి. కనుక ఒకప్పుడు సూచికర్త చేసిన పని ఇప్పుడు రచయిత మీద, పత్రికా సంపాదకుని మీద పడింది. ఈ బాధ్యత మారిన సంగతిని తెలుగు విద్యారంగం ఇంకా పూర్తిగా గుర్తించలేదు.

3. వరుసస్థానం: నిర్ణయ పద్ధతి, పరిణామం

శోధన యంత్రం పనిలో మూడు దశలున్నాయి. మొదటిది, పుట నుంచి పుటకు లంకెల వెంట తిరుగుతూ పాఠాన్ని సేకరించడం. రెండవది, సేకరించిన పాఠంలోని ప్రతి మాటకూ అది ఏయే పుటలలో ఉన్నదో చూపే సూచికను తయారుచేయడం. నన్నయ, తిక్కనల పదప్రయోగ కోశాలను వాడినవారికి ఈ రెండవ దశ సుపరిచితమే. మాటను శీర్షికగా పెట్టి, దాని కింద ప్రయోగస్థలాలను చూపడమే రెండు చోట్లా జరిగే పని. మూడవది, దొరికిన పుటలను ఒక వరుసలో పేర్చడం. పోటీ అంతా ఈ మూడవ దశలోనే ఉంది.

తొలినాటి యంత్రాలు వెతికిన మాట పుటలో ఎన్నిసార్లు, ఎక్కడ వచ్చిందో చూసి వరుసను నిర్ణయించేవి. 1998లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు సెర్గీ బ్రిన్, లారీ పేజ్ తమ పరిశోధన పత్రంలో మరొక పద్ధతిని ప్రతిపాదించారు. ఒక పుటకు ఇతర పుటల నుంచి ఎన్ని లంకెలున్నాయి, ఆ లంకెలిచ్చిన పుటల విలువ ఎంత అన్నది వారి గణనకు ఆధారం. పరిశోధన రంగంలో ఒక వ్యాసాన్ని ఎందరు ఉటంకించారన్న దానిని బట్టి దాని విలువను అంచనా వేసే సంప్రదాయానికి ఇది దగ్గరి బంధువు. గూగుల్ ఈ పునాది మీద ఏర్పడింది.

తర్వాతి కాలంలో వరుస కోసం యుక్తులు పెరిగాయి. వెతికే మాటను పుటనిండా పదే పదే కూరడం, పాఠకునికి కనిపించని రంగులో రాయడం, డబ్బిచ్చి లంకెలు కొనడం వంటివి అందులో కొన్ని. యంత్రాలు వాటికి ప్రతిక్రియలు చేశాయి. పుట వెనుక దాచి రాసే కీలకపదాల పట్టీని వరుస నిర్ణయంలో తాము లెక్కలోకి తీసుకోవడం లేదని గూగుల్ 2009లో ప్రకటించింది. 2011లో పాండా అనే సవరణ సారంలేని పుటలను, 2012లో పెంగ్విన్ అనే సవరణ కృత్రిమ లంకెలను కిందికి నెట్టాయి. 2019లో వాక్యంలోని మాటల పరస్పర సంబంధాన్ని గ్రహించే బర్ట్ పద్ధతి ప్రవేశించింది. ఆ ఏడాది డిసెంబరులో దానిని 70కి పైగా భాషలకు విస్తరించినప్పుడు వాటిలో తెలుగు కూడా చేరింది.

ఈ చరిత్ర సారాంశం ఒకటే. మాటల లెక్క నుంచి లంకెల లెక్కకు, అక్కడి నుంచి అర్థగ్రహణానికి యంత్రం సాగింది. ఇందులో మొదటి రెండు దశలు నడుస్తున్న కాలంలో తెలుగు పాఠంలో అధికభాగం పోటీలోనే లేదు. దానికి కారణం లిపి.

4. అక్షరం అడ్డంకి అయిన కాలం

1991 అక్టోబరులో వెలువడిన యూనికోడ్ మొదటి ప్రమాణంలోనే తెలుగు లిపికి స్థానం ఉంది. అదే ఏడాది భారతీయ లిపులకు ఇస్కీ ప్రమాణం కూడా స్థిరపడింది. కానీ ప్రమాణం ఉండటం వేరు, అది వాడుకలోకి రావడం వేరు. సాధారణ కంప్యూటర్లలో యూనికోడ్ తెలుగు సరిగా కనిపించడం 2001లో గౌతమి ఖతితో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ తర్వాతనే క్రమంగా సాధ్యమైంది. ఈలోగా అచ్చు రంగం తన దారి తాను చూసుకుంది. రోమన్ అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరఖండాల బొమ్మలను కూర్చిన ఖతులు వచ్చాయి. పేజ్‌మేకర్‌లో అను ఖతులతో పుస్తకం కూర్చడం దశాబ్దాలపాటు తెలుగు అచ్చుకు రాజమార్గం అయింది.

ఈ పద్ధతిలో కంటికి కనిపించేది తెలుగే అయినా, కంప్యూటరు లోపల ఉన్నది అర్థంలేని రోమన్ సంకేతాల గుంపు. కాగితం మీద అచ్చు వేసినంత కాలం దీనివల్ల ఏ హానీ లేదు. ఆ పుటలనే పీడీఎఫ్‌గా మార్చి అంతర్జాలంలో ఉంచినప్పుడు హాని మొదలైంది. శోధన యంత్రం ఆ పుటను చదువుతుంది కానీ అందులో తెనాలి అన్న మాట దానికి కనిపించదు. దినపత్రికలు తమ సొంత ఖతులతో నడిపిన జాలస్థలాలకూ ఇదే గతి పట్టింది. ఒక పత్రిక సంకేతాలు మరొక పత్రికకు పొసగవు. కనుక ఒకే మాట ఒక్కొక్క పత్రికలో ఒక్కొక్క సంకేతక్రమంగా నిలిచింది.

ఈ చిక్కును విడదీయడానికి 2000ల దశకంలో కొందరు ఔత్సాహికులు స్వచ్ఛందంగా పనిచేశారు. పత్రికల ఖతులను యూనికోడ్‌లోకి మార్చి చూపే పద్మ అనే ఉపకరణం వెన్న నాగార్జున రూపొందించినది. 2003 డిసెంబరు 9న తెలుగు వికీపీడియాను ప్రారంభించినదీ ఆయనే. తెలుగు వికీపీడియాలో ఊరూరికీ వ్యాసం రాయాలన్న సంకల్పం వల్ల డెల్టాలోని చిన్న గ్రామాల పేర్లు కూడా యూనికోడ్ పాఠంగా అంతర్జాలంలో చేరాయి. విద్యాసంస్థల ప్రచురణలలో చాలాభాగం పాత ఖతుల పీడీఎఫ్‌లలో ఉండిపోగా, వెతికితే దొరికే తెలుగుకు పునాది వేసినవారు విద్యాసంస్థల వెలుపలివారు కావడం ఈ చరిత్రలో విస్మరించరాని విషయం.

పాత పుస్తకాల సంగతి ఇంకొక రకం. 2000ల తొలినాళ్ళలో మొదలైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలాది తెలుగు పుస్తకాలను బొమ్మలుగా భద్రపరచింది. ఆ సేవ అపారమైనది. అయితే పుస్తకాల పేర్లను రోమన్ లిపిలో, ఒక నియమం లేకుండా, తరచు తప్పులతో నమోదు చేయడం వల్ల ఉన్న పుస్తకమే వెతికినవారికి దొరకని స్థితి ఏర్పడింది. బీరువాలో పుస్తకం ఉంది కానీ కార్డు మీద పేరు తప్పు.

5. మూడు పట్టణాలు, మూడు సమస్యలు

5.1. తెనాలి: ఒక పేరు, అనేక వ్యక్తులు

తమిళనాడు నుంచి చిన్ననాడే తెనాలికి వచ్చి, హోటల్లో పనిచేస్తూ తెలుగు నేర్చి, 'మంచీ చెడూ', 'అపస్వరాలు', 'ఏది సత్యం' నవలలు రాసిన ఎస్. నటరాజన్ కలంపేరు శారద. 1924లో పుట్టి 1955లో మరణించిన ఈ రచయిత తెలుగు నవలా చరిత్రలో విశిష్టుడు. ఇదే తెనాలిలో 1945లో పుట్టి, ఉత్తమ నటిగా మూడుసార్లు జాతీయ పురస్కారం పొంది, 1996లో తెనాలి నుంచి లోక్‌సభకు ఎన్నికైన నటి పేరు కూడా శారదే. 1923లో బందరు నుంచి కౌతా శ్రీరామశాస్త్రి వెలువరించిన మాసపత్రిక పేరు శారద. ఇవన్నీ కాక శారద అంటే సరస్వతి.

శారద, తెనాలి అన్న రెండు మాటలు కలిపి వెతికినా యంత్రానికి సందేహం తీరదు. జనం ఎక్కువగా వెతికే వ్యక్తి వైపు, ఎక్కువ లంకెలున్న పుటల వైపు అది మొగ్గుతుంది. ఇందులో యంత్రం దోషం లేదు. నటి శారద ఖ్యాతి వాస్తవం. కానీ నవలాకారునిపై రాసిన వ్యాసం శీర్షిక 'శారద నవలలు: ఒక పరిశీలన' అని మాత్రమే ఉంటే, ఆ వ్యాసం తన కార్డును తాను చించుకున్నట్లే. శీర్షికలోనో తొలి వాక్యాలలోనో ఎస్. నటరాజన్ అన్న పేరు, నవలల పేర్లు, జీవితకాలం ఉంటే యంత్రానికి వ్యక్తిని గుర్తుపట్టే ఆనవాళ్ళు దొరుకుతాయి. తెనాలి అన్న మాటకే ఈ బహుళత్వం ఉంది. అది ఒక పట్టణం, పాండురంగ మాహాత్మ్య కర్త ఇంటిపేరు వంటి విశేషణం, హాస్యకథల నాయకుని పేరులో భాగం, కొన్ని చలనచిత్రాల పేరు కూడా.

5.2. బాపట్ల: ఒక వస్తువు, అనేక నామాలు

బాపట్ల విషయంలో సమస్య తలకిందులుగా ఉంది. ఇక్కడి వరి పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైన బీపీటీ 5204 రకం వరి తెలుగునాట ఇంటింటా అన్నమైంది. బీపీటీ అన్నది బాపట్ల పేరుకు సంక్షేపం. దీని వ్యవహారనామం సాంబ మసూరి. ఇందులోని మసూరి, మలేసియా ప్రాంతపు మహ్సూరి అనే వరి పేరు నుంచి వచ్చింది. ఆ మాట తెలుగులో మసూరి, మషూరి, మస్సూరి అని పలు విధాలుగా కనిపిస్తుంది. సాంబ, సాంబా రెండూ ఉన్నాయి. అంగడిలో కర్నూలు సోనా అన్న పేరుతోనూ ఈ బియ్యం అమ్ముడవుతుంది. శాస్త్రవేత్త ఒక పేరుతో, రైతు మరొక పేరుతో, గృహిణి ఇంకొక పేరుతో వెతికితే, ఒకే వరి గురించిన సమాచారం మూడు పాయలుగా చీలుతుంది. వ్యవసాయ పదజాలంపై పరిశోధన చేసే తెలుగు శాఖలకు ఇది పరిచితమైన విషయమే. మాండలిక వృత్తిపదకోశాలు చేసిన పని, ఒకే వస్తువుకు గల ప్రాంతీయ నామాలను ఒకచోట కూర్చడమే కదా.

చరిత్రలో దీనికి జోడు మరొక ఉదాహరణ ఉంది. 1913లో బాపట్లలో బి.ఎన్. శర్మ అధ్యక్షతన జరిగిన ఆంధ్ర మహాసభ ప్రత్యేకాంధ్ర రాష్ట్ర భావనకు నాంది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగినది నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ. రెండు సంస్థల ఆశయాలు, నేపథ్యాలు, పరిణామాలు వేరు. వ్యాసాల్లో రెండింటినీ ఆంధ్ర మహాసభ అని మాత్రమే పేర్కొనడం పరిపాటి. సందర్భం తెలిసిన పాఠకునికి ఇబ్బంది లేదు. సందర్భం తెలియని యంత్రం ఈ రెండింటినీ కలిపివేస్తే, దానిని నమ్మిన విద్యార్థి కూడా కలిపివేస్తాడు. ఊరు, సంవత్సరం చేర్చి రాయడం చిన్న జాగ్రత్తే అయినా ఫలితం పెద్దది.

5.3. రేపల్లె: ఒక మాట, రెండు లోకాలు

రేపల్లె అన్న మాట తెలుగు సాహిత్య విద్యార్థికి మొదట గుర్తుచేసేది పట్టణాన్ని కాదు, శ్రీకృష్ణుడు పెరిగిన గోకులాన్ని. వ్రే, వ్రేత అన్నవి గొల్లవారిని తెలిపే పదాలు. వ్రేపల్లె అంటే గొల్లపల్లె. వ్రాయు, రాయు అయినట్లే వ్రేపల్లె రేపల్లె అయింది. భాగవతం నుంచి చలనచిత్ర గీతాల వరకు ఈ మాట కృష్ణకథలో నిలిచింది. తెనాలి నుంచి సాగే రైలుమార్గం చివరి మజిలీ అయిన రేపల్లె పట్టణం దీనికి భిన్నం.

రేపల్లె అని వెతికిన వ్యక్తికి రైలు వేళలు కావాలో, భాగవత ఘట్టం కావాలో యంత్రం ఊహించాలి. వెతికేవాని ఉద్దేశాన్ని ఊహించడమే ఇటీవలి యంత్రాల ప్రధాన వ్యాపకం. ఆ ఊహకు ఆధారం చుట్టూ ఉన్న మాటలు. పట్టణ చరిత్ర రాసేవారు మండలం, జిల్లా, సమీప గ్రామాల పేర్లను చేర్చడం, పదచరిత్ర రాసేవారు వ్రేపల్లె అన్న ప్రాచీన రూపాన్ని తప్పక ఉటంకించడం ఇక్కడ ఉపకరిస్తాయి.

6. చుండూరు: వర్ణక్రమం, జ్ఞాపకం

పై ఉదాహరణలలో కలిగే నష్టం సమయానికి, సౌకర్యానికి సంబంధించినది. నష్టం అంతకంటె లోతైన చోటు ఒకటి ఉంది.

తెనాలికి చేరువలోని చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులు అగ్రవర్ణాల దాడిలో హతులయ్యారు. ఘటన జరిగిన ఊళ్ళోనే ప్రత్యేక న్యాయస్థానం ఏర్పాటైంది. అది 2007 జులై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష విధించింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా విడుదల చేసింది. తెలుగు దళిత సాహిత్యం 1985 నాటి కారంచేడు తర్వాత ఈ ఘటన నుంచి పొందిన ప్రేరణ సాహిత్య చరిత్రలో స్థిరపడిన విషయం.

ఈ ఊరి పేరులోని మొదటి అక్షరం దంత్య చకారం. ఉచ్చారణలోని ఈ విశేషాన్ని పట్టుకోవడానికే పాలనా వ్యవహారంలో రోమన్ లిపిలో ఆ పేరును టి, ఎస్ అక్షరాలతో మొదలుపెట్టారు. ఆంగ్ల పత్రికలు, న్యాయస్థాన పత్రాలు చాలావరకు ఆ రూపాన్ని అనుసరించాయి. మరికొన్ని రచనలు సి, హెచ్ అక్షరాలతో రాశాయి. తెలుగులో చుండూరు, చుండూర్ రూపాలున్నాయి. దంత్య చకారానికి ప్రత్యేక చిహ్నం ౘ 2008లో యూనికోడ్‌లో చేరింది గనుక ౘుండూరు అని రాయడానికీ అవకాశం ఉంది. రోమన్ రూపాన్ని యాంత్రికంగా మళ్ళీ తెలుగులోకి మారిస్తే త్సుండూరు వంటి అపరూపం పుడుతుంది.

ఫలితంగా ఈ ఘటనకు సంబంధించిన ఆధారాలు వర్ణక్రమాన్ని బట్టి రెండు రాశులుగా విడిపోయాయి. న్యాయ, పాలనా పత్రాలు ఒక రూపం కింద, కవిత్వం, కథ, ఉద్యమ సాహిత్యం, తెలుగు వార్తలు మరొక రూపం కింద పోగుపడ్డాయి. ఒక రూపంతో వెతికిన పరిశోధకుడు తీర్పును చూస్తాడు, కవితను చూడడు. మరొక రూపంతో వెతికినవాడు కవితను చూస్తాడు, తీర్పును చూడడు. యంత్రాలు కొంతమేరకు రూపాంతరాలను కలపగలుగుతున్నా, అది అన్ని వేళలా జరుగుతుందని నమ్మి పరిశోధన చేయలేము. బాధితుల పక్షాన మిగిలిన అక్షరసాక్ష్యం ఒక హల్లు రాతలోని తేడా వల్ల చీలిపోవడం సాంకేతిక విషయంగా తోసిపుచ్చదగినది కాదు. చుండూరుపై రాసే ప్రతి వ్యాసంలోనూ ఒక వాక్యంలో ఈ రూపాంతరాలన్నింటినీ పేర్కొనడం పరిశోధకుని కనీస బాధ్యత.

దీనికి తోడు పాలనా సరిహద్దుల మార్పు ఉంది. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడింది. రేపల్లె, చుండూరు, కారంచేడు, వేటపాలెం అందులో చేరాయి. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉంది. గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో, ప్రకాశం జిల్లాకు మాతృక అయిన ఒంగోలు జిల్లా ఏర్పడింది 1970లో. కనుక వేటపాలెం పుస్తకాల్లో ఒకచోట గుంటూరు జిల్లాలో, మరొకచోట ప్రకాశం జిల్లాలో, ఇప్పుడు బాపట్ల జిల్లాలో కనిపిస్తుంది. మూడూ ఆయా కాలాలకు సత్యమే. కాలాన్ని చెప్పకుండా జిల్లాను చెప్పడమే దోషం.

7. తెలుగు వ్యాకరణం, యంత్రపు ఇబ్బంది

స్థలనామాల విషయంలో తెలుగు ప్రకృతి కూడా ఒక అంశం. తెనాలి, బాపట్ల, రేపల్లె అన్న మూడు పేర్లూ విభక్తి చేరినప్పుడు అంగం మారనివి. తెనాలిలో, బాపట్లకు, రేపల్లెనుంచి అన్నప్పుడు మూలరూపం చెక్కుచెదరదు. వాటి చుట్టూ ఉన్న గుంటూరు, చుండూరు, వేమూరు, అమృతలూరు అలాంటివి కావు. గుంటూరులో, గుంటూర్లో, గుంటూరి అని రూపం మారుతుంది. ఇక సంధి కలిస్తే బాపట్లంటే, తెనాలికెళ్ళి వంటి రూపాలలో పేరు సరిహద్దే చెరిగిపోతుంది. ఆంగ్లం వంటి భాషలకు తయారైన పద్ధతులు ఈ రూపవైవిధ్యాన్ని సులువుగా గ్రహించలేవు.

వర్ణక్రమ భేదాలు దీనికి అదనం. పెళ్ళి, పెళ్లి, పద్ధతి, పద్దతి, సాహిత్యం, సాహిత్యము అన్న జంటలు మనకు ఒకటే, యంత్రానికి ముందుగా చెప్పకపోతే వేరు. స్టాన్‌ఫర్డ్ వంటి మాటలలో పొల్లు తర్వాత అక్షరం ఒత్తుగా మారకుండా కంటికి కనబడని ఒక సంకేతం చేరుస్తాము. అది ఉన్న మాట, లేని మాట సంకేతక్రమంలో వేరువేరు. తాళపత్ర ప్రతులలో పాఠాంతరాలను గుర్తించి, వాటిని పుట అడుగున చూపి, మూలపాఠాన్ని నిర్ణయించే శిక్షణ తెలుగు శాఖలకు ఉంది. నేటి శోధన సమస్యకు కావలసినదీ సరిగ్గా అదే శిక్షణ.

8. పరిశోధన పత్రికలకు అన్వయం

పై చర్చ నుంచి ఆచరణకు కొన్ని విషయాలు తేలుతున్నాయి. సంచిక మొత్తాన్ని ఒకే పీడీఎఫ్‌గా ఉంచితే ఇరవై వ్యాసాలకు ఒకే కార్డు రాసినట్లు అవుతుంది. ప్రతి వ్యాసానికీ విడిగా ఒక పుట, మారని చిరునామా ఉండాలి. పాఠం యూనికోడ్‌లో ఉండాలి. పాత ఖతులలోని సంచికలను మార్పిడి చేసి, మనిషి చేత దిద్దించి తిరిగి ఉంచాలి. బొమ్మలుగా ఉన్న పుటలకు అక్షరాలను గుర్తించే ఓసీఆర్ పద్ధతి ద్వారా పాఠాన్ని జోడించాలి. శీర్షికలో వ్యక్తి, స్థలం, కాలం స్పష్టంగా ఉండాలి. వ్యాస సంగ్రహాన్ని తెలుగులోనూ ఆంగ్లంలోనూ ఇవ్వడం వల్ల రెండు లిపుల రాశుల మధ్య వంతెన ఏర్పడుతుంది. ఒక పత్రికలోని వ్యాసం మరొక పత్రికలోని వ్యాసాన్ని ఉటంకించినప్పుడు లంకె ఇవ్వడం పరిశోధన మర్యాద మాత్రమే కాదు, ఆ వ్యాసం వరుసస్థానానికి చేసే సహాయం కూడా.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. వరుసస్థానం విలువకు కొలమానం కాదు. జనాదరణ ఉన్నదానిని యంత్రం పైకి తెస్తుంది, ప్రామాణికమైనదానిని గుర్తించే శక్తి దానికి పరిమితం. దానిని మెప్పించడానికి శీర్షికలను సంచలనాత్మకం చేయడం, కీలకపదాలను అవసరం లేని చోట కూర్చడం పరిశోధన ధర్మానికి విరుద్ధం. పైన చెప్పిన 2009, 2011, 2012 నాటి మార్పుల ప్రకారం చూసినా అవి నిలిచే ఫలితం ఇవ్వవు. పరిశోధన పత్రిక కోరవలసినది ప్రథమ స్థానం కాదు. సరైన పేరుతో వెతికినవారికి సరైన వ్యాసం దొరకడం మాత్రమే.

9. ఉపసంహారం

తెనాలి నుంచి రేపల్లెకు వెళ్ళే రైలుమార్గంలో భట్టిప్రోలు ఉంది. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడి స్తూపాన్ని తవ్వించినప్పుడు బయటపడిన ధాతుకరండాల మీది శాసనాలను బ్యూలర్ చదివి వివరించారు. భట్టిప్రోలు లిపిగా అవి నేడు లిపిశాస్త్రంలో ప్రసిద్ధం. రెండువేల ఏళ్ళకు పైగా రాతిలో భద్రంగా ఉన్న ఆ అక్షరాలు వెతికి, చదివి, సూచికలో చేర్చినవారు ఉన్నప్పుడే చరిత్రకు ఆధారమయ్యాయి. భద్రపరచడం, దొరికేలా చేయడం రెండు వేర్వేరు పనులు. ఇటీవలి దశాబ్దాల తెలుగు పరిశోధన మొదటి పనిని కొంతవరకు చేసింది, రెండవదానిని ఉపేక్షించింది.

శోధన యంత్రాల పద్ధతులు ఇకముందు కూడా మారతాయి. ప్రశ్నకు పుటల జాబితాకు బదులు నేరుగా సమాధానమే చెప్పే యంత్రాలు ఇప్పటికే వచ్చాయి. అవి కూడా తమకు కనిపించిన పాఠం మీదనే ఆధారపడతాయి. కనుక యూనికోడ్‌లోని శుద్ధపాఠం, నిర్దుష్టమైన పేర్లు, రూపాంతరాల నమోదు, కాలస్థలాల స్పష్టత అన్నవి ఏ యంత్రం వచ్చినా విలువ కోల్పోని జాగ్రత్తలు. ఇవి సాంకేతిక నిపుణులకు అప్పగించి ఊరుకునేవి కావు. శారద ఎవరో, ఏ ఆంధ్ర మహాసభ ఎక్కడ జరిగిందో, వ్రేపల్లె రేపల్లె ఎలా అయిందో, చుండూరును ఎన్ని విధాల రాస్తారో తెలిసినవారు చేయవలసిన పనులు. ఆ తెలివిడి తెలుగు శాఖలలో ఉంది. దానిని అచ్చు పుట మీదనే కాక, వెతికేవారికి అందే చోట కూడా నమోదు చేయడం ప్రస్తుత కర్తవ్యం.